చెంబుడు నీళ్లు, రెండు గుంతలు

2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర గీసుకొండ మండలం గంగదేవిపల్లిలో ఒక మరుగుదొడ్డి గుంత మూత తీశారు. పలు రాష్ట్రాల నుంచి వచ్చిన అధికారులు చుట్టూ నిలబడి చూస్తుండగా, అప్పటి కేంద్ర తాగునీటి, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ ఆ గుంతలోకి దిగి దాన్ని ఖాళీ చేశారు. ఢిల్లీలో కూర్చునే కార్యదర్శి లెట్రిన్ గుంతలోకి దిగడమేమిటని పత్రికలు ఆశ్చర్యపోయాయి. కానీ ఆ రోజు నిజంగా చూడాల్సింది గుంతలోంచి బయటికి వచ్చినదాన్ని. ఏడాదికి పైగా వాడకుండా మూసి ఉంచిన గుంతలో మిగిలేది మాగిన పెంట ఎరువులాంటి మట్టి. ముదురు గోధుమ రంగులో, పొడిపొడిగా ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే అంటుకోదు, ముక్కు దగ్గర పెట్టుకున్నా దుర్వాసన రాదు. అది ఒకప్పుడు ఏమిటో చెబితే తప్ప తెలియదు.

ఆ మార్పు జరగడానికి కరెంటు గానీ, యంత్రం గానీ, మందు గానీ అక్కర్లేదు. కావలసినవి మూడే: రెండు గుంతలు, ఓపిక, తక్కువ నీళ్లు. మూడోదాన్ని అందరూ మరిచిపోతారు. మరుగుదొడ్డి గురించి మాట్లాడేటప్పుడు నీటి పొదుపును వేరే మంచి పనిగా, పర్యావరణ ప్రేమికుల వ్యవహారంగా చూస్తారు. జంట గుంతల మరుగుదొడ్డి విషయంలో అది దాని ప్రాణం. నీళ్లు ఎక్కువైతే గుంత పనిచేయదు. గుంత పనిచేయకపోతే మురుగు వీధిలోకి వస్తుంది, లేదా దాన్ని ఎత్తిపోయడానికి ఒక మనిషి రావాల్సి వస్తుంది.

గుంతలో ఏం జరుగుతుందో చూద్దాం. మలంలో దాదాపు ముప్పావు వంతు నీరే. గుంత గోడను ఇటుకలతో కడితే మధ్య మధ్య ఖాళీలు వదులుతారు, సిమెంటు వరలు దింపితే వాటికి రంధ్రాలు ఉంటాయి. అడుగున కాంక్రీటు వేయరు, నేలను నేలగానే వదిలేస్తారు. నీరు ఆ సందుల్లోంచి చుట్టూ ఉన్న మట్టిలోకి ఇంకిపోతుంది. గుంతలో పుట్టే వాయువులు కూడా అదే దారిన మట్టిలోకి పోతాయి, అందుకే ఈ గుంతకు పైకి గాలి గొట్టం అక్కర్లేదు. మిగిలిన ఘనపదార్థాన్ని సూక్ష్మజీవులు తింటూ కుదిస్తాయి. ఒక మనిషి వల్ల ఏడాదికి గుంతలో చేరే మడ్డి 40 నుంచి 45 లీటర్లు మాత్రమే. మీటరు వెడల్పు, మీటరు లోతు ఉన్న గుంతలో సుమారు 785 లీటర్లు పడుతుంది. ఐదుగురున్న ఇంటికి లెక్క వేసుకుంటే అది నిండటానికి మూడేళ్లకు పైనే పడుతుంది. ఇంత చిన్న గుంత అన్నేళ్లు వస్తుందంటే చాలామంది నమ్మరు. నమ్మకపోవడం వల్లే ఊళ్లలో పన్నెండు, పదిహేను అడుగుల లోతు తవ్విస్తారు. ఆ లోతున గుంత అడుగు భూగర్భ జలానికి దగ్గరవుతుంది. తరతరాలకు సరిపడా కట్టామన్న తృప్తి మిగులుతుంది గానీ బావినీళ్లు చెడతాయి.

మొదటి గుంత నిండాక దారి మళ్లించి రెండోదాన్ని వాడుకుంటారు. మొదటిది అలాగే మూసి ఉంటుంది. తిండి, తడి అందక రోగకారక క్రిములు చనిపోతాయి. అన్నింటికన్నా మొండివి ఏలికపాముల గుడ్లు. 20 నుంచి 35 డిగ్రీల వేడి ఉండే ప్రాంతాల్లో ఏడాదికి పైగా నిల్వ ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాలు చెబుతున్నది ప్రధానంగా వీటిని దృష్టిలో పెట్టుకునే. మన ఎండలకు ఏడాది చాలు, రెండేళ్లయితే నిశ్చింత. రెండో గుంత నిండటానికి మూడేళ్లు పడుతుంది కాబట్టి ఆ గడువు దానంతటదే దాటిపోతుంది. ఈ పద్ధతిలోని అందమంతా అక్కడే ఉంది. ఎవరూ గుర్తుపెట్టుకుని చేయాల్సిన శుద్ధి అంటూ ఏదీ లేదు, కాలమే శుద్ధి చేస్తుంది.

దీని వెనక చాలా ఏళ్ల పరిశోధన ఉంది. 1950ల్లోనే లక్నోలోని ప్రణాళికా పరిశోధన సంస్థ పల్లెల కోసం నీటి అడ్డు ఉన్న చౌక పాన్‌ను రూపొందించింది. బిహార్‌లో బిందేశ్వర్ పాఠక్ 1970లో సులభ్ సంస్థను మొదలుపెట్టి, రెండు గుంతల పద్ధతిని ఊరూరా తిప్పారు. మనుషుల చేత మలం ఎత్తించే పనిని ఈ దొడ్డి ద్వారా మాన్పించవచ్చని ఆయన వాదన. 2009లో స్టాక్‌హోం నీటి బహుమతి ఆయనకు దక్కింది. పారిశుధ్యానికి, నీటికి మధ్య ఉన్న బంధానికి కూడా అది గుర్తింపే.

ఆ బంధం కంటికి కనిపించేది పాన్ దగ్గర. మామూలు లెట్రిన్ బేసిన్ అడుగు చదునుగా ఉంటుంది, దాని కింద ట్రాప్ అనే వంపు గొట్టంలో 50 మిల్లీమీటర్ల ఎత్తున నీరు నిలుస్తుంది. మలాన్ని ఆ నీటి గోడ దాటించాలంటే బకెట్టుకు దగ్గరగా నీళ్లు కొట్టాలి. పాత ఫ్లష్ ట్యాంకులు నొక్కిన ప్రతిసారీ 10 నుంచి 12 లీటర్లు వదిలేది అందుకే. జంట గుంతల కోసం తయారుచేసిన పాన్ వాలు 25 నుంచి 28 డిగ్రీలు ఉంటుంది. ట్రాప్‌లో నిలిచే నీరు 20 మిల్లీమీటర్లే, అంటే వేలు వెడల్పు. వాసనను, ఈగలను ఆపడానికి అంతమాత్రం చాలు. దాటించడానికి లీటరున్నర నుంచి రెండు లీటర్లు సరిపోతాయి. వాలు ఉన్న పాన్, లోతు తక్కువ ట్రాప్, ఒక పెద్ద చెంబు. కుండలు చేసేవాడి పనితనంలాంటి ఈ చిన్న మార్పు మీదే మిగతా కట్టడమంతా ఆధారపడి ఉంది.

ఎలాగంటారా? మట్టికి తాగే శక్తి ఇంతేనని ఒక హద్దు ఉంది. ఇసుక కలిసిన ఎర్రనేల గుంత గోడ చదరపు మీటరుకు రోజుకు సుమారు 30 లీటర్లు పీల్చుకుంటుంది. నల్లరేగడి 10 లీటర్లకు మించి తాగదు, ఎందుకంటే తడిస్తే అది ఉబ్బి తన సందులను తానే మూసుకుంటుంది. మీటరు వెడల్పు, మీటరు లోతు ఉన్న గుంతకు పక్క గోడల విస్తీర్ణం 3.14 చదరపు మీటర్లు. అంటే ఎర్రనేలలో రోజుకు 94 లీటర్లు, నల్లరేగడిలో 31 లీటర్లు ఇంకుతాయి. ఇప్పుడు ఇంటి వైపు చూడండి. చెంబుతో పోసుకునే ఇంట్లో, కడుక్కునే నీళ్లతోనూ మూత్రంతోనూ కలిపి మనిషికి రోజుకు దాదాపు 10 లీటర్లు, ఐదుగురికి 50. ఎర్రనేలలో హాయిగా ఇంకిపోతాయి. అదే ఇంట్లో 10 లీటర్ల ఫ్లష్ ట్యాంకు బిగించి, మనిషి రోజుకు ఐదుసార్లు నొక్కితే ఫ్లష్ నీళ్లే ఐదుగురికి రోజుకు 250 లీటర్లు. ఏ నేలా తాగలేదు. రెండు బటన్ల ట్యాంకు పెట్టి, ఒకసారి 6 లీటర్లు, నాలుగుసార్లు 3 లీటర్ల చొప్పున వాడుకున్నా ఐదుగురికి 90 లీటర్లు, కడుక్కునే నీళ్లు కలిస్తే వంద దాటుతుంది. నీటి పొదుపు పరికరమని అమ్మే ట్యాంకు కూడా ఈ గుంతకు బరువే.

నల్లరేగడిలో చెంబు నీళ్లకే గుంత చాలడం లేదు కదా అనిపించవచ్చు. దానికి దారి ఉంది. గుంత గోడ చుట్టూ అడుగు మందాన ఇసుక, కంకర లేదా ఇటుక ముక్కలు నింపితే నీరు తాకే మట్టి వెడల్పు మీటరు నుంచి 1.6 మీటర్లకు పెరుగుతుంది. విస్తీర్ణం 5 చదరపు మీటర్లు, ఇంకేది 50 లీటర్లు. ఐదుగురి లెక్కకు సరిగ్గా సరిపోయింది. కర్నూలు, ఆదిలాబాద్ రేగడి ఊళ్లలో ‘ఈ గుంతలు మన నేలకు పనికిరావు’ అని వదిలేయాల్సిన పని లేదు. తవ్వేది రెండడుగులు వెడల్పుగా తవ్వి, ట్రాక్టరు ఇటుక ముక్కలు తోలిస్తే చాలు. మేస్త్రీకి ఈ ఒక్క సంగతి ఎవరైనా చెప్పాలి. చెప్పేవారు లేకనే తవ్విన తొలి వర్షాకాలానికే గుంతలు పొంగాయి, జనం విసిగి మళ్లీ చెంబు పట్టుకుని పొలాల వైపు నడిచారు.

గోదావరి డెల్టాలో చిక్కు మరొకటి. కోనసీమలో వానాకాలంలో రెండు మూడడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. అక్కడ గుంతను నేలలోకి దించడం కన్నా పైకి లేపాలి. అరుగు ఎత్తి, గుంతలో కొంత భాగం నేల మట్టానికి పైన ఉండేలా కట్టి, చుట్టూ మట్టికట్ట పోయాలి. తాగునీటి బావికీ, చేతిపంపుకీ కనీసం పది మీటర్లు ఎడం ఉండాలి. కొబ్బరితోటల మధ్య ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్నచోట ఆ ఎడం దొరకదు. అలాంటి చోట అడుగు మూసి, చుట్టూ అర మీటరు సన్నని ఇసుక పొర వేస్తారు. అదీ కుదరకపోతే జంట గుంతల మీద మొండిపట్టు పట్టకూడదు, నాలుగైదు ఇళ్లకు కలిపి వేరే ఏర్పాటు చూసుకోవాలి. ఈ పద్ధతి గొప్పదే గానీ అన్ని నేలలకూ ఒకే మంత్రం కాదు.

2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛభారత్ కింద ఇంటికి 12,000 రూపాయల ప్రోత్సాహకం ఇచ్చారు. ఐదేళ్లలో పల్లెల్లో పది కోట్లకు పైగా మరుగుదొడ్లు కట్టామని ప్రభుత్వం ప్రకటించింది. కేంద్రం సిఫార్సు చేసింది జంట గుంతలనే. అయినా స్తోమత ఉన్న ఇల్లు సెప్టిక్ ట్యాంకే కట్టుకుంది, స్తోమత లేని ఇల్లు ఒక్క గుంతతో సరిపెట్టుకుంది. ఎందుకు? ఖర్చు సగం సమాధానమే. 2014లో రైస్ అనే పరిశోధన సంస్థ వాళ్లు ఐదు ఉత్తరాది రాష్ట్రాల పల్లెల్లో స్క్వాట్ పేరుతో చేసిన సర్వే అసలు కారణాన్ని బయటపెట్టింది. చిన్న గుంత అంటే త్వరగా నిండుతుంది, నిండితే ఎత్తాలి, ఎత్తే పని ‘మనది’ కాదు. కులం ఇక్కడ సిమెంటుకన్నా గట్టిగా నిలబడి ఉంది. అందుకే జనం గదంత ట్యాంకు కోరుకుంటారు. తమ జీవితకాలంలో మూత తీసే అవసరం రాకూడదన్నది కోరిక. మన ఊళ్లలో ఈ మాటను ఇంత సూటిగా అనరు గానీ, ‘పెద్దది తవ్వించు, మళ్లీ మళ్లీ ఎవరు పెట్టుకుంటారు’ అనే మాట వెనక ఉన్నది అదే.

ఆ పెద్ద ట్యాంకు తన యజమానికి కనబడకుండా దాచే సంగతులు రెండు. ఒకటి, సెప్టిక్ ట్యాంకులోంచి బయటికి వచ్చే నీరు శుభ్రమైనది కాదు. మడ్డి కిందికి దిగుతుంది, క్రిములతో నిండిన నీరు మాత్రం మరో గొట్టంలోంచి బయటికి వస్తుంది. ఆ గొట్టం కింద ఇంకుడు గుంత ఉండాలి. ఎన్నో వీధుల్లో అది నేరుగా సైడు కాలువలో తేలుతుంది. లోపల టైల్స్ మెరిసే బాత్రూం, బయట పిల్లలు దాటే కాలువలో అదే ఇంటి మురుగు. రెండోది ఇంకా ఘోరం. మూసి ఉన్న ట్యాంకులో మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటాయి. మూత తీసి లోపలికి దిగిన మనిషి ఒక్క ఊపిరికి కుప్పకూలుతాడు, అతన్ని లాగబోయిన రెండో మనిషీ పడిపోతాడు. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం, రక్షణ లేకుండా ట్యాంకులోకి మనిషిని దించడాన్ని నేరం చేసింది. ఇలా చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. కోలారు బంగారు గనుల ప్రాంతంలో పుట్టి, మలం ఎత్తే పనిని మాన్పించడానికి పోరాడే సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నడిపిన బెజవాడ విల్సన్ దశాబ్దాలుగా అడుగుతున్నది పరిహారం పెంచమని కాదు, చావులు ఆపమని. ఎవరికీ దిగే అవసరం రాని కట్టడం ఇంటి దగ్గరే మొదలవ్వాలి. అయ్యర్ గుంతలోకి దిగగలిగింది, క్షేమంగా పైకి రాగలిగింది అది మాగిన గుంత కావడం వల్లే. సెప్టిక్ ట్యాంకులోకి అలా దిగమని ఎవరూ ఎవరినీ అడగకూడదు.

ఇప్పటికే ట్యాంకులు కట్టేసిన పట్టణాలకు వేరే దారి కావాలి. అందులో వరంగల్ ముందు నడిచింది. 2016లో ఆ నగరపాలక సంస్థ, హైదరాబాద్‌లోని ఆస్కీ (అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా) సాయంతో సెప్టిక్ మడ్డి మీద నిబంధనలు తెచ్చింది. మడ్డి తోడే ట్యాంకర్లకు లైసెన్సు, పనివాళ్లకు రక్షణ సామగ్రి, తోడింది చెరువులో పోయకుండా శుద్ధి కేంద్రానికే చేర్చాలన్న షరతు పెట్టింది. మరుసటి ఏడాదికి అక్కడ శుద్ధి కేంద్రమూ నడిచింది. ఊరి చివర చీకట్లో ఖాళీ అయ్యే ట్యాంకరును చూసినవారికి ఈ షరతు విలువ తెలుస్తుంది.

నగరం మాట వచ్చింది కాబట్టి హైదరాబాద్ లెక్క కూడా చూడాలి. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి 116 కిలోమీటర్లు, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి 186 కిలోమీటర్లు ప్రయాణించి, మెట్టుమెట్టుకూ మోటార్లతో పైకెక్కి, శుద్ధి అయి, క్లోరిన్ కలుపుకొని కుళాయిలోకి వస్తాయి. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని ప్రమాణం, అందులో 45 లీటర్లు ఫ్లష్‌కే. అంటే మూడోవంతు. మోటారు కరెంటులో, మందులో, పైపులో పెట్టిన ఖర్చులో మూడోవంతును తాగునీటి నాణ్యతతోనే డ్రైనేజీలోకి వదులుతున్నాం. అపార్టుమెంటులో జంట గుంతలు కుదరవు నిజమే. కానీ చేతులు కడిగిన నీళ్లు, వాషింగ్ మెషీన్ చివరి జాడింపు నీళ్లు ఫ్లష్‌కు చాలవా? కట్టేటప్పుడే రెండో పైపు వరుస వేస్తే ఖర్చు కొద్దిగానే పెరుగుతుంది. కట్టాక గోడలు పగలగొట్టి వేయాలంటే ఎవరూ ముందుకు రారు. నిర్ణయం పునాది రోజునే జరగాలి.

పల్లెలో ఈ తెలివి కొత్తది కాదు. పాత ఇళ్లలో స్నానాల గది తూము బయట అరటి పిలక, దాని పక్కన చేమదుంప, కాస్త ఎడంగా కరివేపాకు ఉండేవి. సున్నిపిండి కలిసిన నీరు అరటిపాదుకు చేరేది. ఎవరూ దాన్ని మురుగునీటి పునర్వినియోగమని అనలేదు. కొత్త ఇల్లు కట్టాక పెరడు పోయింది, అరటి పోయింది, స్నానాల గది పైపును తీసుకెళ్లి లెట్రిన్ గుంతలో కలిపేశారు. మేస్త్రీకి ఒక పైపు ఆదా అయ్యింది. ఐదుగురు స్నానం చేస్తే రోజుకు నూట యాభై, రెండు వందల లీటర్లు. పైన చెప్పిన లెక్క ప్రకారం ఆ ఒక్క కలపడంతోనే గుంత చచ్చిపోతుంది. గుంత త్వరగా నిండిందని వచ్చే ఫిర్యాదుల్లో పైపు ఎటు పోతోందో ముందు చూడాలి. స్నానం నీళ్లకు విడిగా కంకర నింపిన ఇంకుడు గుంత, లేదా మళ్లీ అరటిపాదు. ఏదైనా సరే, లెట్రిన్ గుంత మాత్రం కాదు.

జంట గుంతల వల్ల నష్టమే లేదని చెప్పడం నిజాయితీ కాదు. మూత్రంలోని నత్రజని మట్టిలో నైట్రేటుగా మారి నీటితో పాటు కిందికి జారుతుంది. మట్టి క్రిములను వడకట్టగలదు గానీ నైట్రేటును పట్టి ఆపలేదు. తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన ప్రమాణం. దాటితే పాలడబ్బా పాలు తాగే పసికందుల రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తి తగ్గుతుంది. కిక్కిరిసిన ఊళ్లో వంద ఇళ్ల గుంతలు, వంద ఇళ్ల బోర్లు పక్కపక్కనే ఉంటే ఈ భయం నిజమైనదే. యూరియా చల్లిన పొలాలకూ ఇందులో వాటా ఉంది. ఇక్కడే పరిశోధకులు ఎకోశాన్ అనే మరో దారి పట్టారు. తమిళనాడులో తిరుచిరాపల్లి జిల్లా ముసిరిలో కట్టిన దొడ్లలో పాన్‌కు మూడు దారులుంటాయి. మలం ఒకవైపు, మూత్రం ఒకవైపు, కడుక్కునే నీళ్లు ఇంకోవైపు. మనిషి విసర్జించే నత్రజనిలో అధిక భాగం మూత్రంలోనే ఉంటుంది కాబట్టి, దాన్ని విడిగా పట్టి, నీళ్లు కలిపి పంటకు పోస్తే నేలనీటికి శత్రువైనది పైరుకు తిండవుతుంది. పాన్ మీద పక్కకు జరిగి కడుక్కోవడం, ప్రతిసారీ బూడిద చల్లడం అలవాటు కావాలి. కొత్త ఇంటి కోడలికి, ఊరి నుంచి వచ్చిన చుట్టానికి ప్రతిసారీ చెప్పాలి. అందుకే ఇది ముసిరిలాంటి ఊళ్లకు, శ్రద్ధగా వెన్నంటి ఉండే మనుషులున్న చోట్లకు పరిమితమైంది. పల్లెటూరి సాధారణ ఇంటికి నేటికీ జంట గుంతలే తేలిక.

అంత తేలికైనదీ ఒక్క చిన్న తప్పుతో చెడిపోతుంది. పాన్ నుంచి వచ్చే గొట్టం రెండు గుంతలకు చీలేచోట ఇటుకలతో కట్టిన చిన్న చాంబరు ఉంటుంది. అందులో ఒక దారిని మూసి ఉంచాలి. చాలా ఇళ్లలో మేస్త్రీ రెండు దారులూ తెరిచి వదిలేసి వెళ్తాడు. రెండు గుంతలూ ఒకేసారి నిండుతాయి, మాగడానికి ఏదీ మిగలదు. రెండు గుంతల డబ్బు పెట్టి ఒక గుంతతో బతకడమన్నమాట. ఇంకొన్ని చోట్ల చాంబరు మీద సిమెంటు పూసి శాశ్వతంగా మూసేస్తారు, నిండిన రోజున అది ఎక్కడుందో కూడా తెలియదు. చాంబరు మూత పలుగుతో లేచేలా ఉండాలి. దారి మళ్లించే పని పావుగంటది. మూత లేపి, నిండిన గుంత వైపు దారిలో గోనెగుడ్డ చుట్టిన ఇటుక దూర్చి, చుట్టూ బంకమట్టి మెత్తాలి. రెండో వైపు ఉన్న అడ్డు తీసేసి, ఒక చెంబు నీళ్లు పోసి అవి ఎటు పోతున్నాయో చూడాలి. ఆ తర్వాత నిండిన గుంత మూత మీద మేకుతో గానీ రంగుతో గానీ ఆ రోజు నెల, సంవత్సరం రాయాలి. రెండేళ్ల తర్వాత దాన్ని తెరిచేది ఇంట్లో ఎవరైనా కావచ్చు, ఆ తేదీ చూసి ధైర్యంగా పార పట్టుకుంటారు.